మాటల లెక్క – భాషల చుట్టరికం

పాఠ్యభాగ నేపథ్యం

రెండు భాషలలో సమానంగా కనిపించే మాటలను ఏరి, లెక్కించి, ఆ సంఖ్యను ఆధారంగా చేసుకొని అవి ఒకే కుటుంబానికి చెందినవా, చెందినవైతే ఎంత దగ్గరివి అని నిర్ణయించే విధానాన్ని పదగణాంక పద్ధతి అంటారు. ఈ లెక్క తెలుగు విషయంలో ఏం చెబుతుంది, ఎక్కడ పొరపడుతుంది, ఆ పొరపాటును మన పండితులు ఏ విధంగా సవరించారు అన్నది ఈ పాఠంలోని విషయం. ఇది వ్యాస ప్రక్రియకు చెందినది.

పాఠం

చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో, బాహుదా నది ఒడ్డున, కాణిపాకం ఉంది. అక్కడి వరసిద్ధి వినాయకుని దర్శనానికి తెలుగువారితోపాటు తమిళులు, కన్నడిగులు కూడా నిత్యం వస్తారు. గుడి ముందు టెంకాయలు అమ్మే మనిషి ‘రెండా?’ అని ఒకరిని, ‘ఇరండా?’ అని ఇంకొకరిని, ‘ఎరడా?’ అని మరొకరిని తడుముకోకుండా అడుగుతాడు. అతనికి వ్యాకరణం తెలియకపోవచ్చు. అయినా ఈ మూడు మాటలూ ఒక్కటే అని అతని నాలుకకు తెలుసు. 

ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి తమిళం పరాయి భాష అనిపించదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ సీమలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది. పెళ్ళి సంబంధాలు, సంతలు, తిరునాళ్ళు, సినిమాలు అన్నీ సరిహద్దుకు అటూ ఇటూ కలిసే సాగాయి. అందువల్ల తరగతిలో ‘తెలుగుకు అన్నిటికంటె దగ్గరి భాష ఏది?’ అని అడిగితే ఐరాల విద్యార్థి ‘తమిళం’ అంటాడు. పలమనేరు, కుప్పం వైపు విద్యార్థి ‘కన్నడం’ అంటాడు. లిపిని కూడా సాక్ష్యంగా చూపుతాడు. ‘సంస్కృతం’ అనేవారు ఎక్కడైనా ఉంటారు. ఈ మూడు సమాధానాలకూ కారణాలు ఉన్నాయి. కాని మూడూ సరైనవి కావు. ఎందుకు కావో తెలుసుకోవాలంటే మాటలను లెక్కపెట్టడం నేర్చుకోవాలి. లెక్కపెట్టే ముందు వాటిని వేరుచేయడం నేర్చుకోవాలి.

వేరుచేసే పని మనకు కొత్త కాదు. మన వైయాకరణులు తెలుగు పదాలను తత్సమాలు, తద్భవాలు, దేశ్యాలు, గ్రామ్యాలు అని ఏనాడో విభజించారు. సంస్కృతం నుంచి వచ్చినదేదో, మన ఇంట పుట్టినదేదో గుర్తించే చూపు ఆ విభజనలోనే ఉంది. ఆ విభాగాలను వ్యాకరణ పరీక్ష కోసం వల్లెవేసే వస్తువులుగా మార్చిన తప్పు మా ఉపాధ్యాయులది, శాస్త్రానిది కాదు. ఒక గొప్ప భాషాసత్యం బయటపడడానికి ఆ విభజనే సాధనమయింది.

పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో తెలుగు, తమిళం మొదలైనవి సంస్కృతం నుంచి పుట్టాయని కోల్‌బ్రూక్, కేరీ వంటి ఆంగ్ల పండితులు భావించారు. మద్రాసులో కలెక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఈ అభిప్రాయాన్ని ఖండించాడు. 1816లో ఎ. డి. క్యాంప్‌బెల్ ప్రకటించిన తెలుగు వ్యాకరణానికి అతడు ఒక ఉపోద్ఘాతం రాశాడు. అందులో సంస్కృత ధాతువులను, తెలుగు ధాతువులను పక్కపక్కన పెట్టి, రెండింటికీ పోలిక లేదని చూపించాడు. ఆ తరువాత తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పెట్టాడు. అక్కడ వరుస వెంట వరుసగా పోలిక కనిపించింది. తత్సమ, తద్భవ, దేశ్య విభాగాలను వివరించడానికి అతడు ఉదాహరించినది మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య గారి ‘ఆంధ్రదీపిక’. మద్రాసు సెంట్ జార్జి కోటలోని కళాశాలలో ఉన్న మన పండితులు కూడా అతనికి తోడయ్యారు. తరువాత నలభై ఏళ్ళకు, 1856లో, రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రకటించడంతో ఈ విషయం లోకమంతటికీ విదితమయింది. పేరు కాల్డ్వెల్‌కు దక్కింది. మొదటి సాక్ష్యం ఎల్లిస్‌ది. ఆ సాక్ష్యాన్ని చదవగల చూపు మన పండితులది.

ఇక లెక్క సంగతి. ఏ మాటలను లెక్కించాలి? నిఘంటువు తెరిచి అన్ని మాటలనూ లెక్కిస్తే తెలుగు సంస్కృతానికి కూతురనే అనిపిస్తుంది. విద్య, న్యాయం, సంగీతం, ఆలయం, ప్రభుత్వం అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. కచేరీకి వెళితే దావా, వకీలు, జప్తు; రైలెక్కితే స్టేషను, టికెట్టు. ఇవి అరువు మాటలు. ఇరుగుపొరుగుల మధ్య చేబదులు ఎంత సహజమో భాషల మధ్య అరువు అంత సహజం. కాని చేబదులు ఇచ్చినవాడు చుట్టం కానక్కరలేదు. కాబట్టి అరువుకు తొందరగా లొంగని మాటలను ఎన్నుకోవాలి. కన్ను, చెవి, చేయి, పన్ను వంటి శరీరభాగాలు. నీరు, నిప్పు, రాయి, చెట్టు. ఒకటి, రెండు, మూడు. నేను, నువ్వు, వాడు. తిను, తాగు, చూడు, చచ్చు. ప్రపంచంలో ఏ మూల మనిషికైనా అవసరమయ్యే ఇటువంటి మాటలనే మౌలిక పదజాలం అంటారు. అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు మోరిస్ స్వదేష్ 1952లో సుమారు 200 భావాలతో, 1955లో 100 భావాలతో ఇటువంటి జాబితాలను రూపొందించాడు. నేటికీ పరిశోధకులు వీటికి మార్పులు చేర్పులు చేసి వాడుతూనే ఉన్నారు.

మౌలిక పదాల గట్టితనానికి ఒక ఉదాహరణ చూడండి. పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో బ్రాహుయీ అనే ద్రావిడ భాష ఉంది. బలోచీ, పర్షియన్ భాషల నడుమ శతాబ్దాలుగా చిక్కుకొని అది తన సొంత మాటలను చాలావరకు పోగొట్టుకుంది. నిఘంటువు లెక్కన చూస్తే దాన్ని ద్రావిడ భాష అని ఎవరూ అనరు. అయినా ఆ భాషలో కన్నును ‘ఖన్’ అంటారు. అంకెలు లెక్కపెట్టమంటే ‘అసిట్, ఇరట్, ముసిట్’ అంటారు. నాలుగు నుంచి మాత్రం ‘చార్’, ‘పంచ్’ అని అరువు అంకెలు మొదలవుతాయి. ఇల్లంతా పరుల సామానుతో నిండినా పెట్టె అడుగున మూడు అంకెలు మిగిలాయి. కుటుంబం గుర్తించడానికి అవే అక్కరకు వచ్చాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క మనమే చేద్దాం. ఆ జాబితాలలోని భావాలు పదింటిని తీసుకొని, వరుసగా తెలుగు, తమిళం, కన్నడం, గోండి రూపాలను రాసుకుందాం. గోండి భాష తెలంగాణలోని ఆదిలాబాదు ప్రాంతం మొదలుకొని మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ వరకు విస్తరించిన గోండుల భాష. దానిలో ప్రాంతాన్నిబట్టి ఉచ్చారణ కొంత మారుతుంది.

కన్ను – కణ్ – కణ్ణు – కన్
చేయి – కై – కై – కై
చెవి – చెవి – కివి – కెవి
పన్ను (పల్లు) – పల్ – హల్లు – పల్
రెండు – ఇరండు – ఎరడు – రండ్
మూడు – మూన్ఱు – మూరు – మూండ్
పేరు – పెయర్ – హెసరు – పరోల్
నీరు – నీర్ – నీరు – ఏర్
చెట్టు – మరం – మర – మరా
కుక్క – నాయ్ – నాయి – నై

ఒకే మూలపదం నుంచి వేర్వేరు భాషలలో దిగివచ్చిన ఇటువంటి రూపాలను సజాతీయ పదాలు అంటారు. పై పట్టికలో మొదటి ఏడు వరుసలు నాలుగు భాషలలోనూ సజాతీయాలే. ‘హల్లు’, ‘హెసరు’ వేరుగా వినిపించినా అవి మన ‘పల్లు’, ‘పేరు’లే. ప్రాచీన కన్నడంలోని పదాది పకారం తరువాతి కాలంలో హకారమయింది. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి. ఈ మార్పు ఒక మాటలో కాక క్రమం తప్పకుండా జరిగింది కాబట్టే దాన్ని నమ్ముతాం. చెవికి ఒకేలా వినిపించడం సాక్ష్యం కాదు, క్రమబద్ధంగా మారడమే సాక్ష్యం అన్నది ఈ శాస్త్రంలో మొదటి సూత్రం.

ఇక లెక్క: తెలుగుకు తమిళంతో ఎనిమిది కలిశాయి. కన్నడంతోనూ ఎనిమిదే. గోండితో ఏడు. అంటే ఐరాల విద్యార్థి గెలిచినట్లే కనిపిస్తున్నాడు!

ఇక్కడే కొంచెం నిలబడి ఆలోచించాలి. గోండికి ఒకటి తగ్గడానికి కారణం నీరు. గోండులు నీటిని ‘ఏర్’ అంటారు. ఆ మాట తెలుగులో లేదా? ఉంది. అది మన ‘ఏరు’. తమిళంలో ‘ఆఱు’. పాలారు అనే నది పేరులో మనం రోజూ పలికే మాట అదే. గోండిలో అది నీరు అనే సామాన్యార్థంలో ఉంది. తెలుగులో పారే నీటికి పరిమితమయింది. మాట రెండు చోట్లా బతికే ఉన్నా అర్థం మారడం వల్ల లెక్కలో జారిపోయింది. చెట్టు సంగతీ అంతే. నేడు మనం చెట్టు అంటున్నా ప్రాచీన కావ్యాలలో ‘మ్రాను’ ఉంది. పల్లెలలో ‘మాను’ ఇప్పటికీ ఉంది. అది తమిళ ‘మరం’కు, గోండి ‘మరా’కు సజాతీయం. జాబితా రాసేవాడు చెట్టు అని రాస్తే సున్న, మాను అని రాస్తే ఒకటి. సమాచారం ఇచ్చేవాడు సూర్యుడు, చంద్రుడు అంటే తెలుగు ద్రావిడం నుంచి దూరం జరుగుతుంది; పొద్దు, నెల అంటే తమిళ ‘పొళుదు’కు, ‘నిలా’కు దగ్గరవుతుంది. గుంటూరులో కొబ్బరికాయ అనేదాన్ని ఐరాలలో టెంకాయ అంటారు. తమిళంలో అది తేంగాయ్. ఈ ఒక్క మాటనుబట్టి గుంటూరు తెలుగు వేరు, ఐరాల తెలుగు వేరు అందామా? సంఖ్య నిష్పక్షపాతమైనదే. అయితే దాని చేతికి మాటలను అందించేది మనిషి. మాటలను ఎన్నుకోవడంలో పొరపడితే కూడికలో ఎంత జాగ్రత్తపడినా ప్రయోజనం లేదు.

స్వదేష్ మరొక అడుగు ముందుకు వేశాడు. 1949లో విల్లార్డ్ లిబ్బీ రేడియో కార్బన్ పద్ధతిని ప్రకటించాడు. పాత కట్టెలో, ఎముకలో మిగిలిన కార్బన్‌నుబట్టి వాటి వయసు చెప్పే పద్ధతి అది. ఆ విధంగానే మిగిలిన మాటలనుబట్టి భాషల వయసు చెప్పవచ్చునని స్వదేష్ భావించాడు. దీనికి భాషాకాలగణన అని పేరు. లెక్క సులభమే. నూరు మౌలిక పదాలలో వెయ్యి సంవత్సరాలకు 86 మిగులుతాయని అతని అంచనా. ఒక తల్లి నుంచి విడిపోయిన రెండు భాషలు దేనికది మాటలను పోగొట్టుకుంటాయి కనుక వెయ్యేళ్ళ తరువాత రెండింటిలోనూ కలిసి ఉండేవి 86లో 86 శాతం, అంటే సుమారు 74. రెండు వేల ఏళ్ళ తరువాత సుమారు 55. వడ్డీకి వడ్డీ పెరిగినట్లు ఇక్కడ తరుగుకు తరుగు చేరుతుంది. కాబట్టి ఏ రెండు భాషలకైనా నూటికి 55 సజాతీయాలు ఉంటే అవి విడిపోయి సుమారు రెండు వేల ఏళ్ళయిందని చెప్పాలి. రష్యన్ పండితుడు ఆంద్రోనోవ్ 1964లో ఈ పద్ధతిని ద్రావిడ భాషలకు అన్వయించాడు.

లెక్క అందంగానే ఉంది. కాని మాట కట్టె కాదు. కార్బన్ అన్ని దేశాలలో ఒకే వేగంతో తరిగిపోతుంది. మాటలు అలా తరగవు. 1953లో రాబర్ట్ లీస్ ఈ వేగాన్ని 13 భాషల నుంచి రాబట్టాడు. వాటిలో ఎక్కువ భాగం ఒకే కుటుంబానికి, ఇండో-యూరోపియన్‌కు, చెందినవి. 1962లో బెర్గ్‌స్లాండ్, ఫోగ్ట్ అనే నార్వే పండితులు ఒకే తల్లికి పుట్టిన ఐస్లాండు, నార్వే భాషలను పరీక్షించారు. సముద్రం మధ్య ఒంటరిగా ఉన్న ఐస్లాండు భాష వెయ్యేళ్ళలో తన మౌలిక పదాలను దాదాపు అన్నిటినీ నిలుపుకొంది. రాకపోకల మధ్య ఉన్న నార్వే పట్టణ భాష అంతకంటె చాలా ఎక్కువ పోగొట్టుకుంది. తోబుట్టువుల మధ్యనే వేగం ఇంత వేరుగా ఉంటే నూటికి 86 అనే అంకెను లోకమంతటికీ ఎలా వర్తింపజేస్తాం? ఆ తరువాత ఈ కాలగణన మీద పండితులకు నమ్మకం సన్నగిల్లింది.

అయితే చుట్టరికం తేల్చే దారి మూసుకుపోలేదు. తెలుగువాడైన భద్రిరాజు కృష్ణమూర్తి గారు (1928–2012) ఆ దారిని కొత్త వైపు నుంచి తెరిచారు. ఒంగోలులో పుట్టి, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేటు పొందిన ఆయన తెలుగు క్రియాధాతువుల మీద చేసిన పరిశోధన 1961లో గ్రంథంగా వెలువడింది. అంతవరకు తెలుగును తమిళ కన్నడాల సరసన కూర్చోబెట్టడమో, లేక ఒంటరిగా నిలబెట్టడమో పరిపాటిగా ఉండేది. తెలుగుకు అసలైన తోబుట్టువులు గోండి, కొండ, కుయి, కువి మొదలైన భాషలని కృష్ణమూర్తి గారు నిరూపించారు. ఈ గుంపునే నేడు దక్షిణ మధ్య ద్రావిడ ఉపకుటుంబం అంటున్నాం.

ఆయన వాదంలోని కీలకం ఇది: భాషలు ఏమేమి నిలుపుకొన్నాయి అన్నదాని కంటె, ఏమేమి కలిసి మార్చుకొన్నాయి అన్నదే దగ్గరి బంధుత్వానికి గుర్తు. ఒక పల్లెలో ఇద్దరికి ఒకే తాతగారి పొలంలో వాటా ఉందనుకోండి. దానివల్ల వారిద్దరూ ఆ తాతకు మనవలని తెలుస్తుంది. అన్నదమ్ములో, పెదనాన్న చిన్నాన్న బిడ్డలో తెలియదు. అదే, తండ్రి కొత్తగా కట్టిన ఇంటిలో ఇద్దరికీ వాటా ఉంటే వారు అన్నదమ్ములే. కన్ను, కణ్, కన్ అనేవి తాతగారి పొలం. తండ్రి కట్టిన ఇల్లు ఎక్కడుంది?

పై పట్టికలో ‘రెండు’ వరుసను మళ్ళీ చూడండి. తమిళంలో ఇరండు, కన్నడంలో ఎరడు. రెండింటా మొదట అచ్చు ఉంది. తెలుగులో రెండు, గోండిలో రండ్, కొండ భాషలో రుండి, కుయిలో రీ. మొదటి అచ్చు పోయి రేఫ ముందుకు వచ్చింది. ఇది ఒక్క మాటలో జరిగిన వింత కాదు. తమిళంలో అవన్ అనేదానికి తెలుగులో వాడు, కొండ భాషలో వాన్ఱు. తమిళ మరం తెలుగులో మ్రాను, కుయిలో ‘మ్రహ్ను’. తమిళంలో లోపల అనే అర్థంలో ‘ఉళ్’ ఉంది; తెలుగులో అది లో, లోన, లోగిలి అయింది. గోండిలో ‘లోన్’ అంటే ఇల్లు. కొన్నిచోట్ల ‘రోన్’ అంటారు. తమిళ ఉరల్ మనకు రోలు, విరల్ మనకు వ్రేలు. పదాదిన ర, ల, డ వంటి హల్లులు మూల ద్రావిడంలో లేవు. అచ్చును వెనక్కు నెట్టి ఆ హల్లులను ముందుకు తెచ్చుకొన్నది తెలుగు, గోండి, కుయి గుంపు. మన వ్యాకరణ పరిభాషలో దీన్ని వర్ణవ్యత్యయం అనవచ్చు. పద్యాలలో మ్రాను, వ్రేలు అని చదివినప్పుడు ఛందస్సు కోసం కవి రేఫను తగిలించాడని విద్యార్థులు అనుకుంటారు. నిజానికి ఆ రేఫ మన ఇంటి కొత్త దూలం. మాను, వేలు అనే నేటి రూపాలలో అది కూలిపోయింది.

తెలుగు, తమిళాల్లో రెండింటా ‘చెవి’ ఒకేలా ఉంది కదా, కన్నడంలో కివి, గోండిలో కెవి కదా, మరి ఇది కలిసి చేసుకొన్న మార్పు కాదా అని చురుకైన విద్యార్థి అడగవచ్చు. అడగాలి కూడా. ఇ, ఎ ల ముందు కకారం చకారంగా మారడం ప్రపంచంలో ఎన్నో భాషలలో విడివిడిగా జరిగింది. నాలుకకు అది సులభమైన మార్పు. కనుక ఇరుగుపొరుగు భాషలలో అది కనిపించినంత మాత్రాన ఒకే ఇంటివారని చెప్పలేం. పైగా తెలుగులో ‘చేయి’ అయిన మాట తమిళంలో ‘కై’గానే నిలిచింది. పదం మొదట్లోని అచ్చు స్థానం మారి, ర, ల లు ముందుకు రావడం అరుదైన సంగతి. అరుదైన మార్పునకు సాక్ష్యబలం ఎక్కువ.

కృష్ణమూర్తి గారు ఇక్కడితో ఆగలేదు. ఈ వ్యత్యయం అన్ని మాటలలో ఒకేసారి జరగలేదు; ఒక మాట నుంచి ఇంకొక మాటకు అంటువ్యాధిలా మెల్లగా పాకింది. కొన్ని భాషలలో ఎక్కువ మాటలు మారాయి, కొన్నింటిలో తక్కువ మారాయి. ఈ హెచ్చుతగ్గులనే గణితానికి అప్పగిస్తే? 1983లో ఆయన లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫోర్త్ అనే శాస్త్రజ్ఞులతో కలిసి ఆ పని చేశారు. గోండి, కొండ, కుయి, కువి, పెంగొ, మండ అనే ఆరు భాషలలో ప్రతి పదం మారిందా, మారలేదా, అసలు లేదా అని గుర్తించారు. ఆరు భాషలను రెండేసి కొమ్మలుగా చీలే వంశవృక్షంగా అమర్చడానికి 945 విధాలున్నాయి. వాటిలో ఏ వృక్షాన్ని ఒప్పుకుంటే ఒకే మార్పు వేర్వేరు చోట్ల మళ్ళీ మళ్ళీ జరిగిందని చెప్పుకోవలసిన అవసరం అతి తక్కువగా ఉంటుందో దాన్ని ఎన్నుకున్నారు. ఆ ఫలితం భాషాశాస్త్రజ్ఞులు సంప్రదాయ పద్ధతిలో చేరుకొన్న నిర్ణయంతో సరిపోయింది. స్వదేష్ లెక్కించింది మాటలను. వీరు లెక్కించింది మాటలలోని మార్పులను. పద్ధతి పేరు ఏదైనా నా దృష్టిలో ఈ రెండవదే తెలివైన లెక్క.

కంప్యూటర్లు బలపడిన తరువాత పదజాబితాలకు మళ్ళీ ఆదరణ వచ్చింది. అన్ని భాషలూ ఒకే వేగంతో మారతాయనే నియమాన్ని వదులుకొని, సంభావ్యతా గణితంతో వంశవృక్షాలను నిర్మిస్తున్నారు. విష్ణుప్రియ కోలిపాకం మొదలైన పరిశోధకులు 20 ద్రావిడ భాషలకు నూరేసి మౌలిక పదాలను ఆ భాషలు మాట్లాడేవారి నుంచే సేకరించి, 2018లో ఫలితాలను ప్రకటించారు. ద్రావిడ కుటుంబం వయసు సుమారు 4500 సంవత్సరాలని వారి అంచనా. అది 3000కూ 6500కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చునని కూడా వారే చెప్పారు. వృక్షంలోని పెద్ద కొమ్మలు ఏ వరుసలో విడిపోయాయో ఈ లెక్క ఖచ్చితంగా తేల్చలేదు. పూర్వం భాషాకాలగణన చేసినవారు ఒక్క అంకె చెప్పి ఊరుకునేవారు. నేటివారు తమ లెక్క ఎంత అటూ ఇటూ కావచ్చునో కూడా చెబుతున్నారు.

ఈ శాస్త్రం నుంచి మనకు ఒక ఇబ్బందికరమైన సంగతి తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు. గోండి మాట్లాడేవారు సుమారు 29.8 లక్షలు, కుయి 9.4 లక్షలు. కొండ భాష మాట్లాడేవారు లక్షకు లోపే. పెంగొ, మండ ఒడిశా అడవి గ్రామాలలో ఇంకా చిన్న గుంపుల నోట ఉన్నాయి. పత్రికలు, పాఠశాలలు, సినిమాలు గల పెద్ద చెల్లెలు మైదానంలో ఉంది. ఆమె తోబుట్టువులు కొండల మీద ఉన్నారు. వారి భాషలకు లిపి లేదని మనం తక్కువగా చూశాం. ‘కోయ భాష’ అనే మాటను అర్థం కాని మాటలకు వాడే తెలుగువారు నేటికీ ఉన్నారు. కోయ గోండికి చెందిన మాండలికం. అర్థం కానిదని వెక్కిరించిన ఆ భాషే మన ‘రెండు’కు, మన ‘లోగిలి’కి పుట్టుక చెప్పే సాక్షి. కృష్ణమూర్తి గారు అరకు ప్రాంతానికి వెళ్ళి, కొండదొరల నోట వారి భాషను విని రాసుకొని, 1969లో దాని వ్యాకరణాన్ని ప్రకటించారు. ఆ పుస్తకం లేకపోతే పై వాదంలో సగం నిలబడదు. ఒక చిన్న భాషలో ముసలివారు పోయి పిల్లలు పెద్ద భాషకు మారినప్పుడు ఒక తెగ మాటలే కాక మన తెలుగు వంశవృక్షంలో ఒక కొమ్మ కూడా చెరిగిపోతుంది.

తమిళం మనకు ఏమీ కాదని దీని అర్థం కాదు. అది ఒకే తాత బిడ్డల ఇల్లు, పైగా పక్కిల్లు. వెయ్యేళ్ళుగా ఇచ్చిపుచ్చుకొన్న మాటలున్నాయి. కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలలో తరతరాలుగా తమిళుల నడుమ బతుకుతున్న తెలుగువారి మాటలలో తమిళ పదాలు విరివిగా దొర్లుతాయి. అయినా వారు ‘రెండు’ను ‘ఇరండు’ అనరు. ‘వాడు’ను ‘అవన్’ అనరు. అరువు ఎంత పెరిగినా పునాది రాళ్ళు కదలలేదు. మన జిల్లాలోనే, మూడు భాషలు కలిసే కుప్పంలో, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం స్థాపితమయింది. ఐరాల నుంచి వెళ్ళే విద్యార్థి తన ఊరి మాటల జాబితాను వెంట తీసుకువెళితే అక్కడ దానికి పని ఉంటుంది. జాబితా రాసేటప్పుడు చదువుకొన్నవారిని మాత్రమే అడగవద్దు. వారు ‘వృక్షం’ అంటారు. అవ్వను అడిగితే ‘మాను’ అంటుంది.

అర్థాలు

సజాతీయ పదాలు = ఒకే మూలపదం నుంచి వేర్వేరు భాషలలో ఏర్పడిన రూపాలు
మౌలిక పదజాలం = నిత్యజీవితానికి తప్పనిసరైన, సులభంగా మారని మాటలు
వర్ణవ్యత్యయం = పదంలోని ధ్వనులు స్థానం మార్చుకోవడం
రేఫ = రకారం
లోగిలి = ఇల్లు, ఇంటి ముంగిలి
మాండలికం = ఒక ప్రాంతానికి లేక వర్గానికి పరిమితమైన భాషాభేదం
విదితం = తెలిసినది
పరిపాటి = వాడుక, రివాజు

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. నిలుపుకొన్న మాటల కంటె కలిసి మార్చుకొన్న మాటలే దగ్గరి బంధుత్వానికి ఎందుకు గుర్తు అవుతాయో పాఠంలోని ఉదాహరణలతో వివరించండి.
2. భాషాకాలగణన పద్ధతిని వివరించి, దానిపై వచ్చిన విమర్శను తెలపండి.

II. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఎల్లిస్ వాదానికి తెలుగు వ్యాకరణ సంప్రదాయం ఏ విధంగా తోడ్పడింది?
2. ‘ఏరు’ అనే మాట పదగణాంక పద్ధతిలోని ఏ లోపాన్ని తెలుపుతుంది?
3. బ్రాహుయీ అంకెల ప్రత్యేకత ఏమిటి?

III. భాషాభ్యాసం
1. నూటికి 86 చొప్పున లెక్కిస్తే, విడిపోయి మూడు వేల ఏళ్ళయిన రెండు భాషలలో కలిసే మాటలు సుమారు ఎన్ని ఉంటాయో గణించండి.
2. మీ ఇంటిలోని పెద్దవారిని అడిగి శరీరభాగాలు, అంకెలు, చెట్లు, జంతువులకు సంబంధించిన 30 మాటలను సేకరించండి. తమిళం గాని, కన్నడం గాని తెలిసిన మిత్రుని సాయంతో వాటికి సమానమైన మాటలను పక్కన రాయండి. వాటిలో సజాతీయాలేవో, అరువు మాటలేవో గుర్తించి, గుర్తించలేనివాటిని విడిగా చూపండి.